పోయిన డబ్బు వెంట – 4వ పాఠం: ఆ మూడు రోజులు గడువు కాదు

ఈ వారం అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అధికారికి, ఎలా రాయాలో చెబుదామనుకున్నాను. అది వాయిదా. మూడో పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం కొందరిని ముంచింది. "మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే 3 పని దినాల్లోపు బ్యాంకుకి చెప్పాలి" అన్నాను. చాలామంది దాన్ని కరెంటు బిల్లు గడువులా చదువుకున్నారు. ఒకాయన గురువారం రాత్రి డెబిట్ మెసేజ్ చూసి, "ఇంకా టైముంది కదా, సోమవారం బ్రాంచికే వెళ్లి మాట్లాడదాం" అని పడుకున్నారట. పొద్దున లేచేసరికి ఇంకో రెండు మెసేజ్‌లు. ఇందులో సగం తప్పు నాది. ఆ మూడు రోజులు దేనికో నేను చెప్పలేదు.

2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్‌లో ఆ లెక్క ఉంది. పోయిన డబ్బులో ఎంత మీ నెత్తిన పడుతుంది, ఎంత బ్యాంకు భరించాలి అని తేల్చే గీత అది. మీ తప్పూ లేక, బ్యాంకు తప్పూ లేక, మధ్యలో ఎవరో చేసిన పనికి డబ్బు పోయిందనుకోండి. 3 పని దినాల్లో చెబితే మీకు నష్టం సున్నా. తప్పు బ్యాంకుదే అయితే మీరు చెప్పినా చెప్పకపోయినా సున్నాయే.

పిన్నో ఓటీపీయో మీరే చెప్పేసి ఉంటే ఈ మూడు రోజుల రక్షణ మీకు లేదు. అక్కడ రోజులు కాదు, నిమిషాలే లెక్క. ఉదాహరణ చూడండి. ఒకావిడ ఫోన్‌లో ఎవరికో ఓటీపీ చెప్పారు. 10.05కి 9,000 పోయింది. 10.12కి 20,000. 10.20కి బ్యాంకుకి ఫోన్ చేసి చెప్పారు. 10.31కి ఇంకో 15,000 పోయింది. మొదటి 29,000 నష్టం ఆవిడదే. చివరి 15,000 నష్టం బ్యాంకుది. ఎందుకంటే చెప్పిన క్షణం తర్వాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. ఆవిడ భర్త వచ్చాక అడిగి చేద్దామని ఓ పావుగంట ఆగి ఉంటే ఆ 15,000 కూడా ఆవిడ నెత్తినే పడేది. అందుకే చెబుతున్నా, ఇంట్లో తిట్లు తర్వాత తినొచ్చు, ముందు ఫోన్ చేయండి.

ఇక లెక్కపెట్టడం. పోయినసారి అభ్యాసంలో ఇచ్చిన ప్రశ్నకి వచ్చిన జవాబులు చూస్తే నాకు తల తిరిగింది. ప్రశ్న ఇదీ: 12వ తేదీ గురువారం రాత్రి 9.40కి డెబిట్ మెసేజ్ వచ్చింది, మూడో పని దినం ఎప్పుడు? కొందరు ఆదివారం అన్నారు. బ్యాంకు మూసి ఉండే రోజు పని దినం ఎలా అవుతుందండీ? ఇంకొందరు సోమవారం అన్నారు. వీళ్లు గురువారాన్ని కూడా కలిపేశారు. మెసేజ్ అందిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటి. 14 రెండో శనివారం, సెలవు. ఆదివారం సెలవు. సోమవారం రెండు, మంగళవారం మూడు. జవాబు 17వ తేదీ, మంగళవారం.

ఒకరు మాత్రం, "మెసేజ్ గురువారం వచ్చింది, నేను శనివారం చూశాను, శనివారం నుంచి లెక్కపెట్టనా?" అని అడిగారు. వద్దు. మెసేజ్ అందిన రోజే లెక్క, మీరు చూసిన రోజు కాదు. బ్యాంకు మెసేజ్‌ల పక్కన గంట బొమ్మ నొక్కి సైలెంట్ చేసుకున్నవాళ్లందరికీ ఈ మాట.

సెలవులు ఎవరివి? మీరుండే ఊరివి కావు. మీ ఖాతా ఉన్న బ్రాంచి సెలవులే చూడాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఖాతా మాత్రం గుంటూరులో చదువుకున్నప్పుడు తెరిచింది అనుకోండి. జూన్ 2న హైదరాబాద్ బ్రాంచి మూసినా, గుంటూరు బ్రాంచి తీసి ఉంటే మీకు అది పని దినమే. దుబాయ్‌లో ఉంటూ కరీంనగర్ ఖాతా వాడేవాళ్లకీ కరీంనగర్ సెలవులే.

డబ్బు పోయింది బ్యాంకు ఖాతాలోంచి కాక, బ్యాంకు కాని కంపెనీ నడిపే వాలెట్‌లోంచి అయితే సెలవుల మాటే లేదు. వాటికి 2019 జనవరిలో విడిగా వచ్చిన నియమంలో ఉన్నవి మామూలు రోజులే. పైన 12వ తేదీ ప్రశ్నలో వాలెట్ అయితే ఆదివారంతో సరి. మొదట ఆదివారం అన్నవాళ్లు ఇక్కడ కాలరెగరేయొచ్చు.

మళ్లీ బ్యాంకు ఖాతాకి వస్తే, నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే ఏమవుతుందో కూడా చాలామంది "కొంత కట్ చేస్తారు" అని తేలిగ్గా తీసుకుంటున్నారు. మామూలు సేవింగ్స్ ఖాతాకి ఒక్కో లావాదేవీకి 10,000 వరకు మీరే భరించాలి, జన్‌ధన్ లాంటి ఖాతాలకి 5,000. ఇప్పుడు లెక్క వేయండి. పోయింది 6,500, మీరు అయిదో పని దినాన చెప్పారు. వెనక్కి వచ్చేది? ఏమీ రాదు. 18,000 చొప్పున రెండుసార్లు పోతే 10,000 చొప్పున 20,000 మీవి, మిగతా 16,000 వస్తాయి. చిన్న మొత్తాలు పోయినవాళ్లకి నాలుగో రోజుకీ నలభయ్యో రోజుకీ పెద్ద తేడా లేదన్నమాట. ఏడు పని దినాలు దాటాక బ్యాంకు పెట్టుకున్న పాలసీ ప్రకారం పోతుంది.

"ఆదివారం ఫోన్ ఎవరెత్తుతారు?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలని ఆ సర్క్యులరే చెబుతోంది. బ్రాంచి షట్టర్ ఎత్తేదాకా ఆగక్కర్లేదు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఊరుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అది డబ్బు చేతులు మారకుండా ఆపడానికి. చేయండి, తప్పకుండా చేయండి. కానీ మీ బ్యాంకుకి మీరు చెప్పినట్టు రుజువు కావాలంటే బ్యాంకు ఇచ్చిన కంప్లయింట్ నంబరే కావాలి. రెండూ చేయాలి. ఫోన్‌లోంచి పేమెంట్ యాప్ తీసేసి "ఇక భయం లేదు" అనుకున్నవాళ్లకి ఒకే మాట: యాప్ పోయింది, ఖాతా ఉంది.

ఫిర్యాదు మాటల దగ్గరికొద్దాం. ఒకరు పంపిన ఫిర్యాదులో ఇంతే ఉంది: "డబ్బులు కట్ అయ్యాయి, చూడగలరు". అవతల కూర్చున్నవాళ్లు దాన్ని ఫెయిలైన పేమెంట్ అనుకుని, "కొన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది" అని రెడీమేడ్ జవాబు పంపారు. వాళ్ల తప్పేం లేదు. నేనైతే ఇలా రాస్తాను:

"చివరి అంకెలు 4417 గల నా ఖాతా నుంచి 12వ తేదీ రాత్రి 9.38కి రూ. 6,500 నా అనుమతి లేకుండా డెబిట్ అయింది. మెసేజ్ 9.40కి అందింది. యూటీఆర్ నంబరు ఇదీ. ఈ లావాదేవీ నేను చేయలేదు. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ మూడూ ఇప్పుడే ఆపండి. కంప్లయింట్ నంబరు, నమోదైన సమయం తెలపండి."

యూటీఆర్ అంటే ఆ యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు, యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపిస్తుంది. "పిన్ చెప్పలేదు" అన్నది నిజమైతేనే రాయండి. తప్పు మీదేనని నిరూపించే భారం బ్యాంకుది, కానీ ఏ ఫోన్‌లోంచి జరిగిందో, పిన్ కొట్టారో లేదో వాళ్ల రికార్డులో ఉంటుంది. ఒక్క అబద్ధం పట్టుబడితే మిగతా నిజాలు కూడా నమ్మరు. చెప్పేశారా, అలాగే రాయండి: ఎన్నింటికి చెప్పారు, ఎన్నింటికి తెలుసుకున్నారు, ఎన్నింటికి ఫోన్ చేశారు.

నాకొక పాత అలవాటుంది. ఆన్‌లైన్ ఫిర్యాదు చేశాక కూడా అదే ఒక కాగితం మీద రాసి, బ్రాంచిలో ఇచ్చి, జిరాక్స్ కాపీ మీద తేదీ వేసిన ముద్ర కొట్టించుకుంటాను. మా అబ్బాయి నవ్వుతాడు.

అభ్యాసం: ఈ రాత్రి పదకొండు దాటాక చేయండి. మీ ఫోన్ పూర్తిగా ఆపేసి, ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ తీసుకోండి. మీ బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతక్కుండా కార్డు వెనకో పాస్‌బుక్‌లోనో చూసి కొట్టండి. "కార్డు, ఖాతా బ్లాక్ చేయడానికి" అన్న మాట వినిపించేదాకా వెళ్లి, అక్కడ పెట్టేయండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ అంకెలు నొక్కారో రాసుకోండి. నాకు మొదటిసారి ఏడు నిమిషాలు పట్టింది, ఇప్పుడు రెండు. 1930ని మాత్రం ప్రాక్టీసుకి వాడొద్దు, ఆ లైన్ కోసం నిజంగా డబ్బు పోయినవాళ్లు కాచుకుని ఉంటారు.

అంబుడ్స్‌మన్ సంగతి వచ్చే వారం. బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజులు దాటినా జవాబు రానివాళ్లు ఆ కంప్లయింట్ నంబరు వెతికి పక్కన పెట్టుకోండి.