జపాన్‌లో పాత ఫ్లాట్ కొనేముందు ఈ కాగితం తెప్పించుకోండి

అద్దెల కోసం జపాన్‌లో పాత ఫ్లాట్ కొనేవాళ్లు కట్టిన ఏడాది ఒక్కటే చూడకండి. 1982లో పూర్తయిన బిల్డింగ్ కూడా పాత భూకంప నిబంధనలదే కావచ్చు. నిర్మాణ అనుమతి 1981 జూన్ 1న గానీ, ఆ తర్వాత గానీ వచ్చిందా అన్నదే లెక్క.

అసలు దెబ్బ తగిలేది బిల్డింగ్ మరమ్మతులకు ఫ్లాట్ల ఓనర్లంతా నెలనెలా చందా వేసే నిధి దగ్గర. అడ్వాన్స్ ఇవ్వకముందే ఏజెంటు చేత 'జూయో జికో చోసా హోకోకుషో' (బిల్డింగ్ ముఖ్య వివరాల నివేదిక) తెప్పించండి. నిధిలో ఎంతుంది, అప్పుందా, నెల చందా పెంచబోతున్నారా అన్నది అందులో చూడండి. 50 చదరపు మీటర్లకు నెలకు 5,000 యెన్‌లేనా అని సంబరపడొద్దు: మొత్తం 5,000 చదరపు మీటర్ల లోపు, 20 అంతస్తుల కంటే తక్కువున్న బిల్డింగులకు 2021 ప్రభుత్వ మార్గదర్శకాల సగటు నెలకు చదరపు మీటరుకు 335 యెన్‌లు, అంటే 16,750. ఆ లోటు రేపు మీ నెత్తినే పడుతుంది. పాత ఓనరు బకాయిలు కూడా చట్టప్రకారం కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చు. బకాయి ఎంతుందో రాయించుకుని ధరలో తగ్గించమనండి.