చిన్ననాటి కష్టం, నడివయసు షుగర్ – నాలుగో పాఠం: మార్కులు పక్కన పెట్టి టేపు తీయండి

చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు, నిరాదరణ లాంటి కష్టాలు పడ్డవాళ్ళకు నడివయసులో షుగర్ ముప్పు ఎక్కువని చెబుతూ, పోయిన పాఠంలో ఆ కష్టాల పట్టీ వేసుకోమన్నాను. పది ప్రశ్నలిచ్చి, ఔనంటే ఒకటి వేసుకోండని వదిలేయడం నాదే తప్పు. గునుపురం నుంచి ఒకాయన తనకు ఆరు వచ్చాయట, ఇక షుగర్ ఎలాగూ ఖాయం కదా, స్వీట్లెందుకు మానాలి అని అడిగారు. ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి చివరి అమ్మాయి సున్నా వచ్చిందని రక్తపరీక్షే మానుకుంది. మరొకాయనైతే ఏకంగా వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి "నన్ను మోసేటప్పుడు నువ్వు సరిగ్గా తినలేదట, నాకీ షుగర్ నీవల్లే" అన్నారట. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందుకే ఈసారి చెప్పాల్సిన నిద్ర సంగతి వెనక్కి పెట్టాను.

ఆ ప్రశ్నలకు మూలం అమెరికాలో, శాన్‌డియాగోలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు చేసిన పరిశోధన. తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. ఊబకాయం తగ్గించే క్లినిక్‌లో, బాగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేస్తున్నారేమిటని ఆరా తీస్తే వాళ్ళ బాల్యం బయటపడింది, కథ అక్కడ మొదలైంది. కానీ ఆ మార్కులు గుంపుకు పనికొస్తాయి, మనిషికి కాదు. గంజాం జిల్లాకంతా తుఫాను హెచ్చరిక ఇస్తారు గానీ ఎవరింటి పెంకులు లేచిపోతాయో అందులో ఉండదు కదా! నాన్న ఏడాది కొట్టినా ఒకటే మార్కు, పదేళ్ళు కొట్టినా ఒకటే. అడ్డం పడిన అమ్మమ్మ ఉందా లేదా అని అందులో అడగరు. ఒక్కో మనిషి జాతకం చెప్పడానికి ఈ మార్కులు వాడొద్దని ఆండా 2020లో తనే రాశారు. పట్టీ వేసింది "నేను ముందుగా నడుము, షుగర్ కొలుచుకోవాలా" అని తెలియడానికే. సున్నా వచ్చినవాళ్ళూ కొలుచుకోవాలి.

అమ్మ మీద నెపం పెట్టేవాళ్ళకు ఒక మాట. 1944–45 చలికాలంలో జర్మన్లు తిండి రాకుండా అడ్డుకుంటే హాలండ్ పడమటి ఊళ్ళు ఆకలితో మాడాయి. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలకు యాభై ఏళ్ళు వచ్చాక గ్లూకోజు తాగించి చూస్తే, రెండు గంటల తర్వాత చక్కెర మిగతావాళ్ళకంటే ఎక్కువ కనబడింది. ఆ తల్లులు కావాలని పస్తున్నారా?

కష్టంలో ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సంగతి రెండో పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. పొట్ట పెరిగితే షుగర్ ముప్పూ పెరుగుతుంది కదా అని నడుము కొలత పంపమంటే సగం మంది ప్యాంటు సైజు రాశారు. "34 అండీ, బాగానే ఉంది కదా?" ప్యాంటు పొట్ట కిందికి జారి కూర్చుంటుంది, అది ప్యాంటు కొలత, మీది కాదు! లంగా బొందు దగ్గర కొలిచినా అంతే. చంక నుంచి నిలువుగా కిందికి రండి, చివరి పక్కటెముక తగులుతుంది. ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు. ఆ రెండింటికీ నడిమధ్య టేపు పెట్టండి, బొడ్డు ఎక్కడుందో చూడక్కర్లేదు. బట్ట మీద కాదు, ఒంటి మీద. టేపు వెనకాల పైకి లేచిపోకుండా ఇంకొకర్ని చూడమనండి. ఊపిరి మామూలుగా వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాక్కుంటే ఎవర్ని మోసం చేస్తున్నట్టు? మన దేశంలో మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. నేను అంగుళాలు ఒప్పుకోను.

"నేను సన్నమేనండీ" అంటారా? పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టే పిల్లలు సగటున 2.7 కిలోలే, ఇంగ్లండు పిల్లలకంటే బాగా తక్కువ, అయినా తగ్గింది కండే గానీ కొవ్వు అంతగా తగ్గలేదని యాజ్ఞిక్ బృందమే చూపించింది. పకాళ, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, తిని బక్కగా పెరిగిన మా బావకు 41 ఏళ్ళకే షుగర్ వచ్చింది.

గునుపురం పెద్దమనిషికి జవాబు: షుగర్ అంచున ఉన్న భారతీయుల మీద చెన్నై డాక్టర్లు చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, ఏమీ మార్చుకోనివాళ్ళలో మూడేళ్ళకు నూటికి 55 మంది షుగర్‌లోకి జారారు. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో 39 మంది. ఖాయమేమీ కాదు. స్వీట్లు మానండి.

అభ్యాసం, ఈసారి కొంచెం కష్టమే. మూడు రోజులు పొద్దున్నే, ఏమీ తినకముందు, నడుము కొలిచి రాసుకోండి. పరగడుపు షుగర్ ఒకసారి చూపించుకోండి. 100 దాటితే డాక్టరును కలవండి, నాకు రాయడం తర్వాత. ఆపైన ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని పట్టీ మళ్ళీ వేయండి, ఈసారి మార్కుల్లేకుండా. "నువ్వు తిన్నావా?" అని అడగొద్దు. "వంశధార వరదప్పుడు, 1980లో, మనం ఎక్కడున్నాం? 1999 తుఫానుకి ఇల్లు నిలిచిందా? నన్ను ఎవరు ఎత్తుకున్నారు?" అని అడగండి. తేదీలు గుర్తులేని మా పెద్దమ్మ తుఫాను పేరెత్తితే గంటసేపు చెబుతుంది.

టేపు లేకపోతే టైలర్‌ని అడగండి. కానీ జాకెట్లు కొలిచి కొలిచి అది సాగిపోయి ఉంటుంది, ముందు స్కేలు పక్కన పెట్టి చూసుకోండి.