లేత్‌లో ప్లాస్టిక్ బుష్ పట్టేస్తోందా? ముందు ఆ రాడ్ ఏంటో చూడండి

సమస్య: బుష్ (షాఫ్ట్ తిరగడానికి దాని చుట్టూ వేసే గొట్టం లాంటి ముక్క) వేసిన రోజు సాఫీగా తిరిగింది, వానలు మొదలయ్యాక షాఫ్ట్ పట్టేసింది.

అది చాలావరకు నైలాన్ పని. నైలాన్ 6 గాల్లో తేమను లాగేస్తుంది, నీళ్లలో పూర్తిగా నానితే దాని బరువులో 9 శాతం దాకా తాగుతుంది. బయట ఇనుప హౌసింగ్ (బుష్ కూర్చునే గూడు) గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఉబ్బు లోపలికే వచ్చి రంధ్రం చిన్నదవుతుంది. నాకు జరిగింది ఇదే. డెల్రిన్ (అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్) అని దుకాణంలో ఇచ్చిన తెల్ల రాడ్‌తో లీడ్ స్క్రూ (లేత్‌లో టూల్‌ని నడిపే పొడవాటి మరల కడ్డీ) చివర బుష్ చేశాను, ఏప్రిల్‌లో బ్రహ్మాండంగా తిరిగింది, ఆగస్టుకి చేత్తో తిప్పినా కదల్లేదు, నేనేమో స్క్రూ వంగిందేమోనని రెండు రోజులు దాని వెంట పడ్డాను. తెల్లనివన్నీ పాలు కావు కదా.

రాడ్ ఏంటో తేల్చుకోవడం సులువే. చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి, అంటుకున్న బుడగలు దులపండి. తేలితే హెచ్‌డీపీఈ లాంటి పాలిథీన్ గానీ, పాలీప్రొపిలీన్ గానీ. మునిగితే ఆ నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి మళ్లీ వేయండి: నైలాన్ సాంద్రత 1.14, తేలుతుంది, డెల్రిన్‌ది 1.41, అడుగునే ఉంటుంది. టెఫ్లాన్ 2.2 కాబట్టి చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది.

పరిష్కారం డెల్రిన్. ఎంత నానినా 1 శాతం లోపే. నైలాన్ తప్ప దొరక్కపోతే 20 మి.మీ. షాఫ్ట్‌కి 0.15 మి.మీ. పైనే ఖాళీ వదలండి (డెల్రిన్‌కి నేను 0.1 వదులుతాను), బుష్ గోడ పల్చగా 2-3 మి.మీ. ఉంచి, ఒక పక్క ఏటవాలుగా చీలిక కోయండి. ఉబ్బినా ఆ చీలికలోకి సర్దుకుంటుంది.

సమస్య: లేత్ మీద కొలత సరిగ్గా ఉంది, హౌసింగ్‌లోకి దింపాక టైటు.

బిగువు కోసం బుష్ బయటి కొలతని హౌసింగ్ రంధ్రం కంటే ఎంత ఎక్కువ పెట్టారో దాదాపు అంతా లోపలి రంధ్రంలో తగ్గుతుంది. ఇంకో కారణం, బోరింగ్ (లోపలి రంధ్రం కోత) వేడి మీదే కొలవడం. డెల్రిన్ ఉక్కు కంటే 8-9 రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారాక రంధ్రం కుంచించుకుపోతుంది. పదునైన టూల్‌తో కోసి, టీ తాగొచ్చి అప్పుడు కొలవండి. ఆఖరి కోత మాత్రం బుష్ హౌసింగ్‌లోకి దిగాకే.

సమస్య: మెల్లగా తిరిగితే బాగుంది, స్పీడు పెంచితే వేడెక్కి కరిగిపోతోంది.

హెడ్‌స్టాక్‌లో (లేత్‌లో పనిముక్కని తిప్పే స్పిండిల్ ఉండే చోట) వేశారా? 25 మి.మీ. స్పిండిల్ 1000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 78 మీటర్లు రుద్దుతుంది. ప్లాస్టిక్ ఆ వేడిని బయటికి పంపలేదు, వేడికి ఉబ్బి ఇంకా బిగుస్తుంది, బిగిసేకొద్దీ ఇంకా వేడి. దీనికి మంచి ప్లాస్టిక్ వెతుక్కోవడం దండగ, అక్కడ కంచు బుష్ గానీ బాల్ బేరింగ్ గానీ వేయాల్సిందే. డెల్రిన్ మాడి కళ్లు మండితే వెంటనే ఆపి కిటికీలు తెరవండి, అది ఫార్మాల్డిహైడ్.

సమస్య: టెఫ్లాన్ వేస్తే కొన్నాళ్లకే లూజు.

దాని జారుడు చూసి అందరం మోసపోయేదే. బరువు మోస్తూ ఉంటే వేడి లేకపోయినా మెల్లగా పక్కకి పారిపోతుంది. తేలికగా తిరిగే చోట తప్ప వద్దు. పీవీసీ పైపు ముక్కల సంగతి అసలు అడగకండి, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది.

సమస్య: బుష్ బాగానే ఉంది, షాఫ్ట్ మీద గీతలు.

ఇనుప పొడి మెత్తటి ప్లాస్టిక్‌లో దిగబడి ఎమరీ పేపర్ లాగా షాఫ్ట్‌ని అరగదీస్తుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు, బుష్ మార్చేయండి, రెండు చివర్లా ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) వాషర్ పెట్టండి. చెక్క పని చేసే లేత్ అయితే గ్రీజు అసలు పూయకండి, పొట్టు అంటుకుని ముద్దవుతుంది. డెల్రిన్ పొడిగానే తిరుగుతుంది.