ఎండ ప్రాంతాల్లో ఈతకొలను చుట్టూ పేవర్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా పరచాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫాంహౌస్ కట్టుకుంటున్నవారిలో చాలామంది ఇప్పుడు ఈతకొలను కూడా తవ్విస్తున్నారు. కొలనులో వేసే టైల్స్ రంగు గురించి నెలల తరబడి చర్చించేవారు, దాని చుట్టూ తడికాళ్లతో నడవాల్సిన నేల విషయాన్ని మాత్రం చివరి వారంలో మేస్త్రీకి వదిలేస్తారు. దాని ఫలితం రెండు విధాలుగా కనబడుతుంది. మే నెల మధ్యాహ్నం పిల్లలు నీళ్లలోంచి బయటికి వచ్చి కాలు మోపలేక పరుగు తీస్తారు, తడి నేల మీద పరుగు తీసి జారిపడతారు. రెండో వానాకాలం వచ్చేసరికి కొలను అంచు బండలు ఒక్కొక్కటిగా కదలడం మొదలవుతుంది. మొదటిది ఎంపికలో జరిగే పొరపాటు, రెండోది పనిలో జరిగే పొరపాటు. రెండింటినీ ముందే ఆపవచ్చు.

ఎంపిక

రాయినైనా, పేవర్ అనే కాంక్రీటు దిమ్మనైనా దుకాణంలో నీడన చూసి నిర్ణయించకూడదు. నచ్చిన నాలుగైదు రకాల్లో అడుగు చదరం ముక్కలు తెచ్చుకుని, ఎండాకాలంలో పన్నెండు గంటలకు ఆరుబయట ఇసుక మీద పరిచి, రెండున్నర దాకా కదపకుండా ఉంచాలి. ముందు అరచేత్తో తాకి చూసి, భరించగలిగిన వాటి మీదే చెప్పులు లేకుండా నిలబడాలి. పది లెక్కపెట్టేలోపు కాలు తీసేయాలనిపించిన రాయి ఎంత అందంగా ఉన్నా కొలను పక్కకు పనికిరాదు.

ఈ పరీక్షలో ముందుగా ఓడిపోయేవి ముదురు రంగు రాళ్లు. గాలిలో వేడి 42 డిగ్రీలున్న రోజున నల్లని కడప బండ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ఇంటి లోపల ఎంత గొప్పగా ఉన్నా కొలను పక్కన అదే ఇబ్బంది పెడుతుంది. ముదురు రంగు కృత్రిమ చెక్క పలకలు కూడా ఎండలో ఇలాగే కాలుతాయి, కాబట్టి పేరులో చెక్క ఉందని మోసపోవద్దు. రంగుతో పాటు చూడవలసిన సంగతి మరొకటి ఉంది. ఒకే లేత రంగులో గ్రానైటునూ కాంక్రీటు పేవర్‌నూ పక్కపక్కన ఎండలో పెడితే, గ్రానైటే పాదానికి ఎక్కువ వేడిగా తగులుతుంది. దట్టమైన రాయి తనలోని వేడిని చర్మానికి వేగంగా అందిస్తుంది, గరుకు కాంక్రీటు నెమ్మదిగా అందిస్తుంది. అలాగని తెల్లగా మెరిసిపోయే రంగు కూడా ఎంచుకోకూడదు, మధ్యాహ్నం ఆ వెలుగుకు కళ్లు తెరవలేరు. లేత బూడిద రంగు, మీగడ రంగు, లేత ఇసుక రంగు సరైనవి.

మన ప్రాంతంలో చవకగా దొరికే తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయి జాతివే. వీటిలో తాండూరు పసుపు బండ వేడి విషయంలో ఫరవాలేదు, పాలిష్ చేయని ముఖం పట్టు కూడా ఇస్తుంది. అయితే సున్నపురాయికి ఆమ్లం పడదు. ఒక ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఆగి తుడిచి చూడండి, అంతమేర రాయి నిగారింపు పోయి పాలిపోయిన మచ్చ మిగులుతుంది. కొలను నీటి పీహెచ్ తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఆ డబ్బాను డెక్ మీద, అంటే కొలను చుట్టూ నడిచే నేల మీద, పెట్టి మూత తీసే మనిషి చేతిలోంచి ఎప్పుడో ఒకప్పుడు నాలుగు చుక్కలు పడక తప్పదు. పైగా ఈ బండలు పొరలు పొరలుగా ఏర్పడినవి కాబట్టి ఎండకూ తడికీ ఏళ్ల తరబడి గురైతే పెచ్చులు లేస్తాయి. మెత్తని ఇసుకరాయి సంగతి చెప్పనక్కరలేదు, ముఖ్యంగా ఉప్పుతో క్లోరిన్ తయారుచేసుకునే కొలనుల పక్కన రాయిలోకి ఇంకిన ఉప్పు గడ్డకట్టి దాన్ని లోపలి నుంచే పొడి చేస్తుంది.

అందువల్ల నడిచే భాగానికి లేత రంగు కాంక్రీటు పేవర్లు, కొలను అంచు మీద వేసే బండల వరుసకు, అంటే కోపింగ్‌కు, నిప్పుతో గరుకు చేసిన లేత బూడిద గ్రానైటు వాడాలి. పాలిష్ చేసిన రాయిని కొలనుకు పది అడుగుల దరిదాపుల్లోకి రానివ్వకూడదు. పేవర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15658. వాహనాలు తిరగని చోట 50 మిల్లీమీటర్ల మందం, ఎం30 గ్రేడు (కాంక్రీటు బలానికి కొలత) చాలునని అది చెబుతుంది. నేను మాత్రం 60 మిల్లీమీటర్లకు, ఎం35కు తగ్గనివ్వను. పలుచని పేవర్ల అంచులు సామాను దించేటప్పుడే విరుగుతాయి, విరిగిన వాటిని లోపలి వరుసల్లో దాచిపెట్టేస్తారు. నీటిని పీల్చుకునే శాతం సగటున 6 మించకూడదన్న నిబంధన కూడా ఆ ప్రమాణంలోనే ఉంది, పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి.

బండలను కాంక్రీటు మీద సిమెంటుతో అతికించడమే గట్టి పని అని వాదించేవారు ఉన్నారు. గట్టి నేలలో అది చెల్లుతుంది. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి భూముల్లో నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, దానితో పాటు అతికించిన బండ కూడా పగులుతుంది. ఇసుక మీద పరిచిన పేవర్లు కుంగినచోట తీసి, కింద సరిచేసి, అవే మళ్లీ పేర్చవచ్చు. కింద పైపు లీకైతే పగలగొట్టే పని ఉండదు. ఈ ఒక్క కారణం చాలు.

కింది పొరలు

పనిముట్లలో నేలను కుదించే ప్లేట్ కాంపాక్టర్, దానికి అడుగున వేసే రబ్బరు మ్యాట్, రాళ్లు కోసే మిషన్, రసమట్టం, నీళ్ల లెవెల్ పైపు, దారం, రబ్బరు సుత్తి ఉంటే సరిపోతాయి. అన్నీ అద్దెకు దొరుకుతాయి.

కొలను కట్టేటప్పుడు గోడ వెనుక పని చేయడానికి తవ్విన మూడు నాలుగు అడుగుల ఖాళీని చాలాచోట్ల అక్కడి మట్టితోనే జేసీబీతో ఒకేసారి పూడ్చేస్తారు. అలా పూడ్చినచోట డెక్ వేయకూడదు. ఆ మట్టిని తీయించి, మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి, చిన్న యంత్రంతో కుదించాలి. గోడ దగ్గర పెద్ద రోలర్ నడపకూడదు. మిగతా భాగంలో నల్లరేగడి ఉంటే కనీసం రెండడుగులు తీసి మొరం నింపాలి, మట్టికీ మొరానికీ మధ్య అవి కలిసిపోకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. లైట్ల పైపులు, డ్రెయిన్ పైపులు ఈ దశలోనే వేసుకోవాలి. దాని మీద ఆరంగుళాల కంకర మిశ్రమాన్ని రెండు పొరలుగా వేసి గట్టిగా కుదించాలి.

వాటం ఎప్పుడూ కొలను నుంచి బయటికే ఉండాలి. ప్రతి ఐదు అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఎనిమిది అడుగుల డెక్‌కు అంగుళంన్నర పైచిలుకు పల్లం వస్తుంది. ఈ వాటాన్ని కంకర పొరలోనే తీసుకురావాలి తప్ప పైన ఇసుకను హెచ్చుతగ్గులుగా పోసి సరిపెట్టకూడదు. బయటి అంచున నీళ్లు పోయే కాలువ, దాని పక్కన పేవర్లు జరిగిపోకుండా కాంక్రీటు కర్బ్ ఉండాలి.

కోపింగ్‌కూ డెక్‌కూ మధ్య సందు

పని అంతటిలోనూ నిజంగా జాగ్రత్త కావలసినది ఇక్కడే. మిగతా దశల్లో చిన్న లోపం ఉన్నా దిద్దుకోవచ్చు, ఇక్కడ లోపం జరిగితే కొలనుకే దెబ్బ తగులుతుంది.

కొలను ఇనుము వేసి కట్టిన బరువైన తొట్టి, అది దాదాపు కదలదు. డెక్ నేల మీద ఆధారపడినది, అది ప్రతి రుతువులోనూ కదులుతుంది. కోపింగ్ బండలు కొలను గోడ మీది బీమ్‌కు అతికి ఉంటాయి కాబట్టి అవి కొలనులో భాగం, డెక్‌లో భాగం కాదు. నేల ఉబ్బడం ఒక్కటే కాదు, ఎండ వేడి కూడా లెక్కలోకి వస్తుంది. పది మీటర్ల కాంక్రీటు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. శీతాకాలపు తెల్లవారుజామునుంచి మే మధ్యాహ్నానికి మన డెక్ పైభాగం అంత తేడాను తప్పకుండా చూస్తుంది. కోపింగ్‌నూ డెక్‌నూ సిమెంటుతో కలిపేస్తే, సాగే డెక్ కోపింగ్‌ను నీళ్లవైపు నెడుతుంది. ముందు కోపింగ్ కింద సన్నని పగులు వస్తుంది, తర్వాత నీటి మట్టం దగ్గరి టైల్స్ వరుస ఊడుతుంది, ఆ పగుల్లోంచి నీళ్లు గోడ వెనక్కు చేరి మట్టిని కుంగదీస్తాయి. యజమాని టైల్స్ వేసినవాడిని తిడతాడు. తప్పు మాత్రం డెక్ వేసినవాడిది.

కాబట్టి కోపింగ్ చుట్టూ 12 మిల్లీమీటర్ల సందు విడవాలి. పైన కనబడే గీత మాత్రమే విడిచి కింద కాంక్రీటు కలిసిపోయి ఉంటే సందు లేనట్టే లెక్క, అది బీమ్ పక్కనుంచి డెక్ అంచు కింద వేసే కాంక్రీటు పట్టీ అడుగుదాకా ఉండాలి. ముందుగా కోపింగ్ వెనుక అంచు చూడండి. అది బీమ్ దాటి వెనక్కు పొడుచుకు వచ్చి ఉంటే, కోసి బీమ్‌కు సమం చేయాలి. తర్వాత బీమ్ వెనుక ముఖానికి 12 మిల్లీమీటర్ల ఫోమ్ షీటును నిలువుగా అతికించాలి. దానికి ఇవతల, కుదించిన కంకర మీద, అడుగు వెడల్పు, నాలుగు అంగుళాల మందంతో కాంక్రీటు పట్టీ పోయాలి. సందును ఆనుకుని ఉండే మొదటి వరుస పేవర్లను మాత్రం ఈ పట్టీ మీద సిమెంటు మాలుతో కూర్చోబెట్టాలి. ఈ పట్టీ లేకపోతే ఇసుక మీది పేవర్లు మెల్లగా సందులోకి జరుగుతాయి, వాటి కింది ఇసుక కూడా అందులోకి జారిపోతుంది. ఈ మొదటి వరుస కోపింగ్ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు దిగువన ఉండాలి, ఎత్తుగా ఉంటే కాలివేళ్లకు తగులుతుంది, నీళ్లు నిలుస్తాయి.

సందు నింపే ముందు దానిలో ఏముందో యజమానే వంగి చూడాలి. ఆ సందులో మాలు ముద్దలు, కంకర రాళ్లు, పేవర్ ముక్కలు పడి ఉంటాయి. రెంటి మధ్య ఇరుక్కున్న ఒక్క గులకరాయి చాలు, డెక్ తోపు మొత్తం ఆ ఒక్క చోటే కోపింగ్ మీద పడుతుంది. సన్నని స్టీలు స్కేలును సందులోకి దించి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా లాగుతూ పోవాలి. ఎక్కడా గట్టిగా తగలకూడదు, మెత్తని ఫోమ్ మాత్రమే తగలాలి. స్కేలు ఆగిన ప్రతిచోటా గీకి తీయించాలి. మేస్త్రీలు విసుక్కుంటారు, అయినా మొహమాటపడవద్దు.

పైభాగంలో ఫోమ్‌ను రెండు సెంటీమీటర్ల లోతుకు కోసి తీసి, 15 మిల్లీమీటర్ల గుండ్రని ఫోమ్ తాడును నొక్కి దించాలి. దాని పైన వేసే సీలెంట్ (సందు మూసే సాగే ముద్ద) మందం సందు వెడల్పులో సగం, అంటే ఆరేడు మిల్లీమీటర్లు, ఉండాలి. సీలెంట్ రెండు పక్కలకే అతుక్కోవాలి, అడుగుకు అతుక్కుంటే సాగలేక చిరుగుతుంది. ఫోమ్ తాడు వేసేది అందుకే. రెండు డబ్బాలు కలిపే పాలీసల్ఫైడ్ సీలెంట్‌నే వాడండి. మామూలు సిలికోన్ సీలెంట్‌లోని నూనె రాయిలోకి దిగి అంచుల వెంట నల్లని చార మిగిలిస్తుంది. సందు అంచులు పూర్తిగా ఆరి ఉండాలి, రాయికి ప్రైమర్ పూయాలి, రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించాలి. ఈ పని ఉదయం పూటే చేయించాలి. మండుటెండలో రాయి సాగి సందు ఇరుకుగా ఉంటుంది, అప్పుడు నింపిన సీలెంట్ చలి రాత్రుల్లో విపరీతంగా లాగబడి అంచుల నుంచి వీడిపోతుంది. తడిగా ఉండగానే పైన సన్నని పొడి ఇసుక చల్లితే ఆ గీత పేవర్ రంగులో కలిసిపోతుంది. తయారీదారు చెప్పినన్ని రోజులు, సాధారణంగా ఒక వారం, నీళ్లు తగలనివ్వకూడదు.

ఆఖరి రోజున శుభ్రం చేస్తూ ఎవరో ఒకరు ఆ సందును తెల్ల సిమెంటుతో పూసి అందంగా ఉందంటారు. అది జరగకుండా ఉండాలంటే సీలెంట్ పని పూర్తయ్యేదాకా డబ్బు చివరి వాయిదా ఇవ్వకూడదు. ఇలాంటి సందునే ఇంటి గోడ దగ్గర, స్తంభాల చుట్టూ, నిచ్చెన గొట్టాల చుట్టూ కూడా విడవాలి.

పరచడం

మిగిలింది తేలిక. కడిగిన ముతక ఇసుకను, నది ఇసుక దొరకకపోతే రోబో శాండ్‌ను, 30 మిల్లీమీటర్ల మందంతో పోసి, రెండు పైపుల మీద చెక్క లాగి చదును చేయాలి. రాతిపొడి వద్దు, అది నీళ్లు పట్టి ఉంచి బురద అవుతుంది. చదును చేసిన ఇసుకను తొక్కకుండా, పరిచిన పేవర్ల మీదే కూర్చుని ముందుకు సాగాలి. పేవర్‌కూ పేవర్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు విడవాలి. కుదించినప్పుడు కొంత దిగుతాయి కాబట్టి, మొదటి వరుస కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎత్తుగా పేర్చుకోవాలి. రెండు మూడు కట్టల పేవర్లు కలిపి వాడితే రంగు తేడా మచ్చలుగా తేలదు. సగం పేవర్ కంటే చిన్న ముక్కలు అంచున పెట్టనివ్వవద్దు. యంత్రం రబ్బరు మ్యాట్ వేసి నడిపి, పొడి సన్న ఇసుక చీపురుతో సందుల్లోకి తోసి, మళ్లీ ఒకసారి నడపాలి.

మెరుపు కోసం పైన ఎలాంటి పూతా పూయకూడదు, తడిసినప్పుడు అది జారుతుంది. మొదటి నెలల్లో కాంక్రీటు నుంచి తెల్లటి ఉప్పు పూత బయటికి వస్తే ఆమ్లంతో కడగవద్దు, బ్రష్‌తో రుద్దుతూ ఉంటే క్రమంగా తగ్గిపోతుంది. మొదటి వానాకాలం తర్వాత సందుల్లో ఇసుక తగ్గినచోట మళ్లీ నింపాలి, కుంగిన పేవర్లుంటే తీసి సరిచేయాలి, కోపింగ్ పక్కన సీలెంట్ అంచులను వేలితో నొక్కి చూసి వీడిన చోట అంతమేర కోసి కొత్తది వేయించాలి.