పైప్‌లైన్ నష్ట నివారణకు అమెరికా గ్రాంటు: దరఖాస్తు రాసే విధానం

తవ్వకాల వల్ల భూగర్భ పైప్‌లైన్లు దెబ్బతినకుండా చూసేందుకు అమెరికా రవాణా శాఖలోని పైప్‌లైన్ భద్రతా విభాగం రాష్ట్రాలకు గ్రాంటు ఇస్తుంది. ఇది ఆ బాధ్యత గల రాష్ట్ర సంస్థలకే కనుక గుత్తేదార్లు నేరుగా అడగలేరు.

పైప్‌లైన్ భద్రతకు సంబంధించిన 2006 నాటి పైప్స్ చట్టం, నష్ట నివారణ కార్యక్రమంలో ఉండాలని పేర్కొన్న తొమ్మిది అంశాల్లో మీ రాష్ట్రం ఎక్కడ వెనుకబడిందో ముందుగా తేల్చుకోవాలి. తవ్వే ముందు భూగర్భ గొట్టాల గుర్తింపు కోసం పిలవాల్సిన 811 నంబరుకు ఫోన్ చేయకుండా తవ్వినవారిపై చర్య తీసుకునే యంత్రాంగమే బలహీనంగా ఉంటే, కరపత్రాలకు కాక దర్యాప్తు సిబ్బందికే నిధులు కోరడం మేలని నా దృఢాభిప్రాయం. శిక్షణకు అడిగేటప్పుడు, గ్యాస్ గొట్టం దారిని చూపే పసుపు గుర్తు దగ్గర యంత్రాన్ని ఆపి, చేతి పారతో మట్టిని నెమ్మదిగా తొలగించి గొట్టాన్ని బయటపెట్టడం నేర్పుతామని స్పష్టంగా రాయాలి. ప్రతి ఖర్చునూ అది సరిదిద్దే లోపంతో ముడిపెట్టి, ఫలితాన్ని ఏ లెక్కలతో కొలుస్తారో అక్కడే చెప్పాలి.