అసెంబుల్డ్ సిస్టమ్‌లో మ్యాక్ ఎక్కించాలంటే

హన్మకొండలో నాకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపు ఉంది. ఇదివరకు పనిచేసిన చోట మ్యాక్‌లో నడిచే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రోకి చెయ్యి అలవాటైపోయింది. సొంత షాపు పెట్టాక మ్యాక్ కొనేంత డబ్బు చేతిలో లేదు. ఉన్నదల్లా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కట్టించుకున్న సీపీయూ: ఐ5 8400, బి360 బోర్డు, 16 జీబీ ర్యామ్. దాంట్లోనే ఆపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్‌లో సోనోమా అనే వెర్షన్ ఎక్కించాను. దీన్ని హ్యాకింతాష్ అంటారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఆపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్లలోనే వాడాలి. ఇలాంటి సిస్టమ్‌లు కట్టి అమ్మిన సైస్టార్ అనే ఫ్లోరిడా కంపెనీ మీద ఆపిల్ కోర్టుకెళ్లి 2009లో గెలిచింది. అది తెలిసే దిగాను, మీరూ తెలిసే దిగండి.

ఎక్కించడానికి పట్టేది ఒక పూట. సామాను చూసుకోవడానికే వారం పడుతుంది. అందులోనూ గ్రాఫిక్స్ కార్డు దగ్గరే అందరూ బోల్తా కొడతారు, నేనూ కొట్టాను. నా దగ్గర జీటీఎక్స్ 1650 ఉండేది. స్క్రీన్ వచ్చింది గానీ, విండో పట్టుకుని లాగితే ముక్కలు ముక్కలుగా కదిలేది. ఫైనల్ కట్ అయితే తెరుచుకోనే లేదు. సెట్టింగ్‌లు మారుస్తూ రెండు రాత్రులు వృథా చేశాక అసలు విషయం తెలిసింది. ఎన్విడియా పాస్కల్ (జీటీఎక్స్ 10 సిరీస్) కార్డులకు డ్రైవర్లు 2017 నాటి మ్యాక్ ఓఎస్ హై సియెర్రాతోనే ఆగిపోయాయి, 1650 లాంటి ట్యూరింగ్ కార్డులకు అసలు రానే లేదు. లేని డ్రైవర్‌ని ఏ సెట్టింగూ పుట్టించదు.

ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 570, 580 కార్డులు మాత్రం పెట్టగానే పనిచేస్తాయి. ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ 2022 సెప్టెంబర్‌లో ఆగిపోయాక, దానికి వాడిన ఈ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరికాయి. నేనూ అలాంటిదే తెచ్చి, థర్మల్ పేస్ట్ మార్చి పెట్టాను. ఆర్ఎక్స్ 550 చవక కదా అని మాత్రం తీసుకోకండి, అందులో ఎక్కువ కార్డుల చిప్ వేరు, మ్యాక్‌లో పనిచెయ్యదు. మీ ప్రాసెసర్‌లోనే యూహెచ్‌డీ 630 అనే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉంటే మామూలు పనికి కార్డే అక్కర్లేదు. 9400ఎఫ్ లాంటి చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో అది ఉండదు. నెట్‌కి లాన్ కేబుల్ వాడండి, వైఫై జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. మ్యాక్‌కి విడిగా ఒక ఎస్ఎస్‌డీ పెట్టండి. విండోస్ ఉన్న డిస్క్ కేబుల్ పీకేసి పక్కన పెట్టండి. కస్టమర్ల పెళ్లిళ్లన్నీ అందులోనే ఉంటాయి మరి!

బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్ఎం ఆపేయండి. అబౌ 4జీ డీకోడింగ్ ఆన్ చేయండి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. సీఎఫ్‌జీ లాక్ (ప్రాసెసర్ పవర్ సెట్టింగులను ఓఎస్ మార్చకుండా వేసే తాళం) అనే ఆప్షన్ ఉందో లేదో వెతికి కాగితం మీద రాసుకోండి, దాని సంగతి కింద చెప్తాను.

తర్వాత పెన్ డ్రైవ్. రూఫస్ అనే విండోస్ టూల్‌లో నాన్-బూటబుల్, ఫ్యాట్32 పెట్టి ఫార్మాట్ కొట్టండి. మామూలు పీసీలో మ్యాక్ ఓఎస్‌ని బూట్ చేయించే ప్రోగ్రామ్ ఓపెన్‌కోర్. దాని ప్యాకేజీలో మ్యాక్‌రికవరీ అనే పైథాన్ స్క్రిప్ట్ ఉంటుంది, అది ఆపిల్ సర్వర్ నుంచే రికవరీ ఫైళ్లు దించుతుంది. వాటిని పెన్ డ్రైవ్‌లో కామ్.ఆపిల్.రికవరీ.బూట్ అనే ఫోల్డర్‌లో వేసి, పక్కన ఓపెన్‌కోర్ ఫైళ్లూ సెట్టింగ్‌లూ ఉండే ఈఎఫ్ఐ ఫోల్డర్ పెట్టాలి.

ఈ ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోనే ఉంది కథంతా. మొదటిసారి నేను సొంతంగా చేసుకోలేదు. ఒక మిత్రుడిదీ బి360 బోర్డే కదా అని అతని ఫోల్డర్ ఎత్తి పెట్టుకున్నాను. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తి "ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్" అన్న లైను దగ్గర ఆగిపోయాయి. టీ తాగి వచ్చినా అక్కడే. కారణమేంటంటే, అతని బయోస్‌లో సీఎఫ్‌జీ లాక్ ఆపే ఆప్షన్ ఉంది, నా బోర్డులో లేదు. అది లేనప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో కెర్నల్ క్వర్క్స్ కింద ఆపిల్‌ఎక్స్‌సీపీఎం‌సీఎఫ్‌జీలాక్‌ని ట్రూ చేయాలి. అతనికి అవసరం లేదు కాబట్టి అది ఫాల్స్‌లో ఉంది. పైగా అందులో అతని సీరియల్ నంబరే ఉంది. దాంతోనే ఆపిల్ ఐడీ పెట్టుకుని ఉంటే ఇద్దరికీ తలనొప్పే.

కాబట్టి మీ ఫోల్డర్ మీరే చేసుకోండి. ఓపెన్‌కోర్‌తో వచ్చే శాంపిల్ కాన్ఫిగ్ ఫైల్‌తో మొదలుపెట్టండి. కెక్స్ట్‌లు (మ్యాక్‌లో డ్రైవర్ల లాంటివి) నాకు ఐదే పట్టాయి: లిలు, వర్చువల్ఎస్ఎంసీ, వాట్‌ఎవర్‌గ్రీన్, సౌండ్‌కి ఆపిల్‌ఏఎల్‌సీ, లాన్‌కి రియల్‌టెక్ 8111ది. ఎస్ఎస్‌డీటీటైమ్ టూల్ మీ బోర్డు చదివి కావలసిన ఎస్ఎస్‌డీటీ ఫైళ్లు (బోర్డు వివరాలు మ్యాక్‌కి అర్థమయ్యేలా చెప్పేవి) చేసిపెడుతుంది. బి360కి ప్లగ్, ఈసీ, పీఎంసీ, ఏవ్యాక్ నాలుగూ కావాలి. ఏవ్యాక్ మర్చిపోతే గడియారం దొరక్క "పీసీఐ కాన్ఫిగరేషన్ బిగిన్" రాకముందే సిస్టమ్ ఆగిపోతుంది. అన్నీ వేశాక కాన్ఫిగ్ ఫైల్‌ని ప్రాపర్‌ట్రీ అనే ఎడిటర్‌లో తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే వీటి జాబితా అదే రాసుకుంటుంది. మీ సిస్టమ్ ఏ మ్యాక్‌లా కనిపించాలో చెప్పే మోడల్ దగ్గర ఐమ్యాక్ 19,1 పెట్టి, జెన్ఎస్ఎంబయోస్ అనే టూల్‌తో సీరియల్ తీయండి. ఆపిల్ వారంటీ పేజీలో కొడితే అది చెల్లని నంబరని రావాలి. చెల్లేదని వస్తే అది ఇంకెవరిదో అన్నమాట, మళ్లీ తీయండి.

ఇక ఇన్‌స్టాలేషన్‌లో చెప్పడానికి పెద్దగా లేదు. డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూలో "షో ఆల్ డివైసెస్" నొక్కి, ఎస్ఎస్‌డీని ఏపీఎఫ్ఎస్, జీయూఐడీ పెట్టి ఎరేజ్ చేయండి. నెట్ నుంచి 12 జీబీ పైనే దిగుతుంది. మధ్యలో రెండు మూడు సార్లు రీస్టార్ట్ అయితే కంగారు పడకండి, ప్రతిసారీ "మ్యాక్ ఓఎస్ ఇన్‌స్టాలర్" అన్నదే ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చాక ఈఎఫ్ఐ ఫోల్డర్‌ని ఎస్ఎస్‌డీలోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి కాపీ చేస్తే పెన్ డ్రైవ్ లేకుండానే బూట్ అవుతుంది.

మిగిలేది యూఎస్‌బీ. మ్యాక్ ఒక కంట్రోలర్‌కి 15 పోర్టులే లెక్కలోకి తీసుకుంటుంది. నీలం రంగు పోర్టు ఒక్కటే కనిపించినా లెక్కలో రెండు. నాకు కెమెరా కార్డ్ రీడర్ పెట్టుకునే, సీపీయూ ముందువైపు ఉన్న పోర్టు లెక్కలోంచి ఎగిరిపోయింది. విండోస్‌లో యూఎస్‌బీటూల్‌బాక్స్ నడిపి, ఒక్కో పోర్టులో పెన్ డ్రైవ్ గుచ్చి చూసుకుంటూ, కావలసినవి ఉంచుకుని మిగతావి తీసేశాను.

అప్‌డేట్ నోటిఫికేషన్ రాగానే నొక్కొద్దు, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. ఐమ్యాక్ 19,1కి సోనోమా తర్వాతి వెర్షన్ సెకోయా వరకే దారి, ఆ పైది, ఇంటెల్ మ్యాక్‌లకు చివరిదైన తాహో దానికి రాదు. అప్‌డేట్ తప్పదనుకుంటే ముందు ఓపెన్‌కోర్‌నీ కెక్స్ట్‌లనీ కొత్తవి చేసి పెన్ డ్రైవ్‌లోనే వేసి బూట్ చేసి చూడండి. అది బాగా లేస్తేనే ఎస్ఎస్‌డీలోకి. ముహూర్తాల సీజన్‌లో అయితే ఆ పనీ వద్దు.