పూలు చూడ్డానికి ఎలెన్స్‌బర్గ్ గుట్టలెక్కేవాళ్లకు: గాలివాటంగా బయల్దేరకండి

పోయిన శనివారం మాకు తెలిసినవాళ్ల అత్తగారు ఎలెన్స్‌బర్గ్ పక్కనున్న యాకిమా కాన్యన్ (నదిలోయ) దగ్గర ఒక గుట్ట మీద కూలబడిపోయారు. ఇండియా నుంచి వచ్చి రెండు వారాలే. పొద్దున పూలు చూసుకుంటూ హుషారుగా రెండు మైళ్లు నడిచిన మనిషి, తిరుగుదారిలో అర మైలు కూడా రాలేకపోయారు. ఎండ మరీ లేదు, కాలు జారలేదు, పాము కరవలేదు. ఎదురుగాలి, అంతే. చెరో రెక్కా పట్టుకుని కిందికి దించేసరికి చీకటి పడింది.

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లకు ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మధ్య దాకా ఇదొక ఆనవాయితీ. స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దాటి, అవతలి సేజ్ బ్రష్ పొదల గుట్టల్లో పసుపు బాల్సమ్‌రూట్, ఊదా లూపిన్ పూలు చూసి రావడం. చూసి తీరాల్సిందే. ఆ బూడిదరంగు సేజ్ ఆకును వేళ్లతో నలిపి వాసన చూడండి, చవితి పత్రిలో మాచిపత్రికి దగ్గరి చుట్టం అది. సన్‌స్క్రీన్, బూట్ల సంగతి మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

గాలి

పాస్‌కి ఇటువైపు సముద్రం మీది చల్లగాలి, అటువైపు చెట్టు నీడలేని నేల. మధ్యాహ్నానికి అటు నేల వేడెక్కి గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఇటున్న చల్లగాలి కనుమల్లోంచి అటు దూసుకుపోతుంది. ఎలెన్స్‌బర్గ్ దాటాక కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వీస్తుంది. పొద్దున పదింటికి పిల్లగాలిలా ఉన్నదే మూడింటికి మనిషిని తోసేస్తుంది, సాయంత్రమైనా తగ్గదు.

నేను ఏటా చూసే తప్పు ఒక్కటే, గాలివాటంగా బయల్దేరడం. వీపున గాలి ఉంటే అసలు గాలే లేదనిపిస్తుంది. కాళ్లు వాటంతటవే నడుస్తాయి, పిల్లలు పరిగెడతారు, 'ఇంకో మలుపు దాకా వెళ్దాం' అంటారు. వెనక్కి తిరగ్గానే అసలు గాలి మొహానికి కొడుతుంది. అప్పటికి అది పెరిగి ఉంటుంది, మీ ఓపిక తగ్గి ఉంటుంది. కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపుగాలి ఉండేలా దారి ఎంచుకోండి. దారి తూర్పుకే పోతుందంటే, మీకున్న టైంలో మూడో వంతు కాగానే వెనక్కి తిరగండి. పూలు ఎంత బాగున్నా సరే.

నీళ్లు

మన వడగాలి అయితే ఒంటికి తెలుస్తుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. ఇక్కడి గాలి చల్లన. చెమట పట్టగానే ఆరిపోతుంది, దాహం తెలీదు. ఆ అత్తగారి బాటిల్ సగం పైనే నిండుగా ఉందట! పెద్దవాళ్లు దారిలో బాత్‌రూమ్ ఉండదని కావాలనే తాగరు, అడిగినా చెప్పరు. మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లి, అరగంటకోసారి మీరే అందించండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

- ఫోన్‌లో సియాటిల్ కాదు, ఎలెన్స్‌బర్గ్ గాలి చూడండి, గంట గంటకీ. ఊళ్లో గంటకు 25 మైళ్లు అని ఉంటే గుట్ట మీద ఇంకా ఎక్కువే. ఆ రోజు వెళ్లకండి.
- ఫొటో కోసం దారి దిగి పొదల్లోకి పోకండి. ర్యాటిల్ స్నేక్ గిలక చప్పుడు ఆ గాలిలో వినపడదు.
- చూడకుండా బండరాయి మీద చెయ్యి వేయకండి, కూర్చోకండి.
- పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, ఐస్ పెట్టొద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. మనిషిని కదలనివ్వకుండా 911 చేయండి.
- కాన్యన్ లోపల సిగ్నల్‌ని నమ్ముకోకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పండి.
- చీర వద్దు. చున్నీ వద్దు. ఫొటోకి కూడా వద్దు.
- ప్యాంటు అంచులు సాక్సులోకి దోపండి. పిడుదులకు ఇదే సీజన్. పట్టుకుంటే ట్వీజర్‌తో చర్మం దగ్గర పట్టి తిన్నగా లాగండి. అగ్గిపుల్ల, వేజలిన్ వైద్యాలు చేయకండి.
- వాగు పక్కన మూడాకుల పొద కనిపిస్తే ముట్టుకోకండి, ఒళ్లు దద్దుర్లెక్కించే పాయిజన్ ఐవీ కావచ్చు.
- కాంటాక్ట్ లెన్స్ వద్దు, దుమ్ము.
- పువ్వు కోయకండి. ఒక్కటి కూడా.
- శిఖరం అంచున సెల్ఫీ వద్దు. పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకోవద్దు.
- వీపున గాలి హాయిగా ఉందా? ఆగండి. వెనక్కి తిరిగి వంద అడుగులు నడిచి చూడండి. అప్పుడు నిర్ణయించుకోండి.
- కారు తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయండి, గాలికి వెనక్కి విరుగుతుంది.
- మామగారి బీపీ మాత్రలు కారులో కాదు, మీ జేబులో.